నాకు కొటేషన్ ఇచ్చిన కాంట్రాక్టర్లకు, ఇవ్వబోయేవాళ్లకు కూడా

ఇళ్లు కట్టే, కట్టిన ఇళ్లకు మార్పులు చేసే కాంట్రాక్టర్లందరికీ నమస్కారం.

మా ఇంట్లో మూడు పనులున్నాయి. మేడ మీద ఇప్పుడు ఒక గది, దానికో బాత్రూమ్ ఉన్నాయి, వాటి పక్కన ఇంకో రెండు గదులు వేయాలి. కింద వంటగదికీ హాలుకీ మధ్య ఉన్న గోడ తీసేయాలి. ఆ మేడ మీద బాత్రూమ్‌ని మొత్తం తవ్వి మళ్లీ చేయాలి, ఎందుకంటే దాని కిందున్న మెట్ల గోడ మూడేళ్లుగా చెమ్మ పట్టి, రంగు పొరలు పొరలుగా లేస్తోంది. ఈ పనుల కోసం మీలో నలుగురిని పిలిచాను. నలుగురూ వచ్చారు, చూశారు, ముగ్గురు కొటేషన్ ఇచ్చారు. ఆ మూడు కాగితాలూ పది రోజులుగా టేబుల్ మీద పక్కపక్కనే పెట్టుకుని చూస్తున్నాను. ఎవరిని ఎంచుకోవాలో నాకు అర్థం కావడం లేదు, అది నా తెలివితక్కువతనం మాత్రం కాదని నాకు గట్టి నమ్మకం.

మొదటి కాగితంలో ఒకే ఒక్క లైను: చదరపు అడుగుకి ఇంత, మెటీరియల్‌తో సహా. కింద సంతకం. రెండోదాంట్లో రెండు పేజీలు, అందులో 'మంచి క్వాలిటీ' అనే మాట ఏడు సార్లు, నేను లెక్కపెట్టాను. మూడోది పదకొండు పేజీలు, చూడగానే ప్రాణం లేచొచ్చింది, తీరా చదివితే ఎక్కడ అసలు సంగతి చెప్పాలో అక్కడల్లా 'సైట్ పరిస్థితిని బట్టి' అని ఉంది. ముగ్గురిలో అందరికంటే తక్కువ చెప్పినవారు ఎక్కువ చెప్పినవారి కంటే ఐదో వంతు తక్కువకు చేస్తామన్నారు. ఆ ఐదో వంతు ఎక్కడ తగ్గుతోంది? ఇనుములోనా, సిమెంటులోనా, కూలీలోనా, మీ లాభంలోనా, లేక అసలు లెక్కలోకే తీసుకోని పనుల్లోనా? ఫోన్ చేసి ఇదే అడిగితే వచ్చిన జవాబు: "పిండి కొద్దీ రొట్టె మేడమ్." సరే, పిండికి డబ్బులిచ్చేది నేనే కదా, ఏ పిండో, ఎంత పిండో కాగితం మీద రాయమంటున్నాను.

చదరపు అడుగు రేటు గురించి కొంచెం మాట్లాడాలి, మన మధ్య గొడవలన్నీ పుట్టేది అక్కడే. ఒకే ప్లాన్ ముగ్గురికీ ఇస్తే ముగ్గురూ మూడు విస్తీర్ణాలు లెక్కేశారు. ఒకరు బాల్కనీని పూర్తిగా కలిపారు, ఒకరు సగం కలిపారు, ఇంకొకరు అసలు కలపలేదు కానీ బయటి గోడల మందం మొత్తం కలిపారు. మెట్ల మీద వచ్చే కప్పు, కిటికీల పైన సజ్జలు, పిట్టగోడ, అటకలు, ఇవన్నీ రేటులో ఉన్నాయా, విడిగా కడతారా అన్నది ఏ కాగితంలోనూ లేదు. రేటు తక్కువ పెట్టి కొలత పెంచినా, కొలత తగ్గించి రేటు పెంచినా చివరికి నేను కట్టేది ఆ రెంటినీ గుణిస్తే వచ్చే అంకే కదా. అయినా మీరూ రేటు గురించే మాట్లాడతారు, మేమూ పక్కింటివాళ్లకు ఎంత పడిందనే అడుగుతాం.

ఇదేం కొత్త జబ్బు కాదనుకోండి. దాదాపు 3,750 ఏళ్ల కిందట బాబిలోన్‌లో హమ్మురాబి రాజు రాయి మీద చెక్కించిన చట్టాల్లో కూడా ఇల్లు కట్టినవాడికి కూలి విస్తీర్ణాన్ని బట్టే ఉంది, ఒక 'సార్' స్థలానికి రెండు షెకెళ్ల వెండి అని (సార్ అప్పటి స్థలం కొలత, షెకెల్ అప్పటి తూకం). అయితే ఆ రేటు రాసి ఊరుకోలేదు. ఇల్లు కూలి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణశిక్ష అన్నారు, అది మరీ దారుణం, మనకొద్దు. కానీ వాటిలో ఇళ్లు కట్టేవాళ్ల గురించిన చివరి చట్టం చూడండి, పని ఇంకా పూర్తి కాకముందే గోడ ఒరిగేలా కనిపిస్తే కట్టినవాడే సొంత ఖర్చుతో దాన్ని గట్టిపరచాలి అని ఉంది. రేటూ బాధ్యతా ఒకే రాతి మీద ఉన్నాయి. నా టేబుల్ మీదున్న మూడు కాగితాల్లో రేటు ఉంది, రెండోది లేదు.

నేనింత పట్టుబట్టడానికి కారణం నా మొదటి అనుభవం. తొమ్మిదేళ్ల కిందట ఈ ఇల్లు కట్టించినప్పుడు అందరికంటే తక్కువ చెప్పిన ఆయనకే ఇచ్చాం. మనిషి మంచివాడు, మాట తీరు బాగుండేది, అడ్వాన్స్ తీసుకున్న వారంలోనే పని మొదలుపెట్టాడు. పునాది అయ్యేసరికి మొదటి ఎక్స్‌ట్రా వచ్చింది, మట్టి మెత్తగా ఉంది, ఇంకాస్త లోతు తవ్వాం అని. నిజమే కావచ్చు, తవ్వినప్పుడు నేను లేను, నేను వెళ్లేసరికి కాంక్రీట్ పోసేశారు. తర్వాత కరెంటు పాయింట్లు. ఒక స్విచ్ ఒక పాయింటా, లేక స్విచ్చూ దాని లైటూ కలిపి ఒక పాయింటా అన్న ప్రశ్న మీద ఒక సాయంత్రం మొత్తం వాదించుకున్నాం, ఆ వాదన తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. గేటు రేటులో లేదు. బాత్రూమ్ గోడలకు టైల్స్ నడుము ఎత్తు వరకే రేటులో ఉన్నాయి, ఆ పైన విడి. చివరికి మేం కట్టిన మొత్తం, మొదట్లో 'అబ్బో చాలా ఎక్కువ' అనుకుని వదిలేసిన ఇంకో కాంట్రాక్టర్ కొటేషన్‌ని దాటిపోయింది. ఆ ఇంకో ఆయన కాగితంలో గేటు ఉంది, టైల్స్ తలుపు ఎత్తు వరకు ఉన్నాయి, పాయింటు అంటే ఏమిటో కూడా రాసి ఉంది. మేం ఆ కాగితాన్ని చదవలేదు, కింద ఉన్న అంకె ఒక్కటే చూశాం.

అంటే తప్పు మాది కూడా. ఈ లేఖ మిమ్మల్ని తిట్టడానికి రాస్తున్నది కాదు, అందుకే మా వైపు సంగతులు కూడా దాచకుండా చెప్తాను. ఒళ్లు దాచుకోకుండా కొలతలన్నీ తీసి వివరంగా కొటేషన్ ఇచ్చినవారి కాగితాన్ని తీసుకెళ్లి ఇంకొకరి చేతిలో పెట్టి, 'ఇదే పని ఇంతకంటే తక్కువకు చేస్తావా' అని బేరమాడతాం. మీరు మూడు సార్లు సైటుకు వచ్చి, సాయంత్రాలు కూర్చుని లెక్కలేస్తే, పని ఇవ్వడం లేదని ఒక ఫోన్ కూడా చేయం. టైల్స్ వేశాక రంగు నచ్చలేదంటాం. వంటగది గట్టు కట్టాక ఇంకో రెండంగుళాలు ఎత్తు ఉంటే బాగుండేది అంటాం, అది పడగొట్టి కట్టినందుకు డబ్బులడిగితే ముఖం మాడ్చుకుంటాం. స్టేజీ పూర్తయినా డబ్బులు ఇవ్వడానికి నెల తిప్పుతాం, ఆ నెల మీరు కూలీలకు ఎక్కడినుంచి తెచ్చి ఇస్తారో ఆలోచించం. ఇలాంటివాళ్ల దగ్గర పది ఇళ్లు కట్టిన కాంట్రాక్టర్ పదకొండో ఇంటికి ఒక్క లైను కొటేషనే రాస్తాడు, వివరం రాస్తే నష్టమని నేర్చుకున్నాడు కాబట్టి. నిజాయితీగా అన్నీ రాసినవాడి అంకె పెద్దదిగా కనిపిస్తుంది, ఓడిపోతాడు. ఏమీ రాయనివాడు గెలిచి, తర్వాత ఎక్స్‌ట్రాల్లో రాబట్టుకుంటాడు. ఈ ఆటని మొదలుపెట్టింది మీరో మేమో నాకు తెలీదు గానీ నా వరకు నేను ఆడటం మానేశాను. మీ కాగితం ఇంకొకరికి చూపించను. పని ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో ఫోన్ చేసి చెప్తాను.

బదులుగా నేనడిగేది ఒకటే. రేటులో ఏమేం ఉన్నాయో రాయకపోయినా ఫర్వాలేదు, ఏమేం లేవో రాయండి. ఇనుము, సిమెంటు ఏవో, తలుపుల చెక్క ఏదో, పైపుల రకం, రంగు ఎన్ని కోట్లు, పాత గోడ పడగొట్టిన చెత్త ఎవరు ఎత్తిస్తారు, పనికి వాడే నీళ్లూ కరెంటూ ఎవరివి, ఇలాంటివి అడిగితే ఎలాగూ చెప్తారు. నన్ను ముంచేవి నేను అడగాలని కూడా తోచనివి. 'ఇవి నా రేటులో లేవు' అని ఒక పేజీ రాసిచ్చినవారు నా దృష్టిలో పదకొండు పేజీలవారి కంటే మేలు.

ఇక మీ పాత పనులు చూపించే పద్ధతి. ముగ్గురూ నన్ను తీసుకెళ్లి, రంగులేసి మెరుస్తున్న ఇళ్లు చూపించారు. రంగేశాక అన్ని ఇళ్లూ అందంగానే ఉంటాయండీ. నాకు చూడాలని ఉన్నది సగంలో ఉన్న ఇల్లు, అదీ మీరు లేనప్పుడు. స్లాబుకి ఇనుము కట్టి ఉన్నప్పుడు ఊచల కింద కవర్ బ్లాకులు, అంటే వాటిని కాస్త ఎత్తులో నిలబెట్టే చిన్న దిమ్మలు, ఉన్నాయా, లేక ఊచలు నేరుగా సెంట్రింగ్ రేకు మీదే పడున్నాయా అని ఒక్క చూపు చూస్తే చాలు. ఊచ చుట్టూ తగినంత కాంక్రీట్ లేకపోతే తేమా గాలీ దాన్ని చేరతాయి, తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము మామూలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుని కాంక్రీట్‌ని లోపలినుంచి పగలగొడుతుంది. స్లాబు కింద పెచ్చులూడి ఊచలు బయటపడ్డ ఇళ్లు మీరు నాకంటే ఎక్కువే చూసి ఉంటారు. ఇది ఇల్లు అప్పగించిన రోజు ఎవరికీ కనిపించదు.

నీళ్ల సంగతి కూడా అంతే. కాంక్రీట్ గట్టిగా ఉందని పనివాళ్లు ఇంకో బకెట్ నీళ్లు కుమ్మరించడం నా కళ్లతో చూశాను, పోయడం తేలికవుతుందని. డఫ్ ఏబ్రమ్స్ అనే అమెరికన్ 1918లోనే తేల్చి చెప్పాడు, సిమెంటుకి తగ్గ నీళ్ల కంటే ఎక్కువ పోస్తే కాంక్రీట్ బలం తగ్గుతుందని. ఎక్కువైన ఆ నీళ్లు తర్వాత ఆవిరైపోయి లోపల సన్నని ఖాళీలు వదిలిపోతాయి, బలమూ పోతుంది, కారడమూ మొదలవుతుంది. తమాషా ఏమిటంటే పోసేటప్పుడు అక్కర్లేని నీళ్లు దండిగా పోస్తారు, పోసి గట్టిపడ్డాక తడపాల్సిన వారం పది రోజులు మాత్రం ఎవరూ పైప్ పట్టుకోరు. కాంక్రీట్ బలాన్ని 28 రోజులకి కొలుస్తారు, ఏడు రోజులకి వచ్చేది సుమారు మూడింట రెండు వంతులే అని మా బంధువుల్లో ఒక ఇంజినీరు చెప్తే తెలుసుకున్నాను. మీ సైటులో మొన్న పోసిన స్లాబు మీద నీళ్లు నిలిచి ఉన్నాయా, పిల్లర్లకి తడి గోనె పట్టాలు చుట్టి ఉన్నాయా అన్నది నాకు మీ ఫోన్‌లోని రెండొందల ఫోటోల కంటే ఎక్కువ చెప్తుంది.

పాత కస్టమర్ల నంబర్లు ఇస్తామన్నారు, సంతోషం. కిందటి నెల ఇల్లు తీసుకున్నవాళ్ల నంబర్ వద్దు, వాళ్లింకా ఆ సంబరంలోనే ఉంటారు. మూడు నాలుగు వానాకాలాలు గడిచినవాళ్ల నంబర్ ఇవ్వండి. వాళ్లని నేను 'పని బాగుందా' అని అడగను. ఏదైనా పాడైనప్పుడు ఫోన్ చేస్తే ఎత్తారా, ఎన్ని రోజులకి వచ్చారు అని అడుగుతాను. మా మొదటి కాంట్రాక్టర్ చివరి బిల్లు తీసుకున్న నెల వరకు ఫోన్ ఎత్తాడు.

ఇంకో మాట, కొంచెం పక్కదారి. మీలో ఇద్దరు గుమ్మంలోకి రాగానే "సార్ ఎప్పుడుంటారు మేడమ్?" అన్నారు. ప్లాన్ గీయించింది నేను, డబ్బు కట్టేది నేను, మూడేళ్లుగా ఆ చెమ్మ గోడ పక్కనుంచి రోజూ మెట్లెక్కుతున్నదీ నేనే. సార్ ఉన్నారు, టీవీ చూస్తున్నారు, ఏదన్నా అడిగితే నా వైపే చూపిస్తారు.

డబ్బు చెల్లింపు దగ్గర మీ భయం మీకుంది, నా భయం నాకుంది. ముందే సగం ఇమ్మంటే నేనివ్వను, ఎందుకంటే పనికంటే డబ్బు ముందు నడిస్తే నా మాటకు విలువ ఉండదు. పని అంతా అయ్యాక ఇస్తానంటే మీరు చేయలేరు, చేయకూడదు కూడా. కాబట్టి స్టేజీలు కట్టుకుందాం, తేదీల్ని బట్టి కాదు, కంటికి కనిపించే పనిని బట్టి: పిల్లర్లు లేచాక ఇంత, స్లాబు పడ్డాక ఇంత, గోడలు, ప్లాస్టరింగ్, అలా. నేను కూడా స్టేజీ అయిన వారంలోపు ఇవ్వకపోతే పని ఆపే హక్కు మీకుంటుందని రాద్దాం. చివర్లో ఒక చిన్న భాగం, ఇరవయ్యో వంతో పదో వంతో, ఒక ఏడాది నా దగ్గర ఉంటుంది, ఆ ఏడాదిలో ఏదన్నా పగిలినా కారినా మీరే చేసి ఆ డబ్బు తీసుకెళ్తారు. పెద్ద పనుల్లో ఇది మామూలే, ఇంటి పనుల్లో అడిగితే మాత్రం 'మా మీద నమ్మకం లేదా' అంటారు. నమ్మకం ఉంది కాబట్టే ఇంటి తాళం ఇస్తున్నాను కదా.

ఎక్స్‌ట్రాల విషయంలో పూర్వం ఎఫెసస్ అనే గ్రీకు నగరంలో ఒక చట్టం ఉండేదట, రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పాడు. ప్రభుత్వ కట్టడం ఒప్పుకున్న వాస్తుశిల్పి ముందే ఖర్చు ప్రకటించాలి, పని అయ్యేదాకా అతని ఆస్తి తాకట్టులో ఉంటుంది. ఖర్చు నాలుగో వంతు వరకు పెరిగితే ఖజానా భరిస్తుంది, అంతకు మించితే అతని ఆస్తిలోంచే. ఇళ్లు కట్టించుకునేవాళ్లకి కూడా ఇలాంటి చట్టం ఉంటే ఎంత బాగుండునో అని ఆయన వాపోయాడు కూడా. మీ ఆస్తి తాకట్టు పెట్టమని నేననడం లేదు. మట్టి మెత్తగా ఉంటే లోతు తవ్వాల్సిందే, పాత గోడ విప్పితే లోపల ఏముందో ముందే ఎవరూ చెప్పలేరు, పెరగడం నాకూ తెలుసు. నేననేది, పెరిగే పని మొదలుపెట్టేముందు ఎంత పెరుగుతుందో ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి, నేను 'సరే' అన్నాకే చేయండి. నేను మనసు మార్చుకుని అడిగే పనులకి కూడా అదే రూలు, అప్పుడు నేనూ తర్వాత తప్పించుకోలేను.

అసలు సంగతి వంటగది గోడ దగ్గర బయటపడింది. మొదటి కొటేషన్ ఇచ్చిన ఆయన గోడ మీద రెండు సార్లు వేళ్లతో కొట్టి, "తీసేద్దాం మేడమ్, ఏం కాదు" అన్నారు. పిల్లర్లు, బీముల మీద నిలబడ్డ ఇల్లయితే మధ్య గోడ తీసినా సాధారణంగా ఏమీ కాకపోవచ్చు, స్లాబు బరువు ఆ గోడే మోస్తుంటే మాత్రం కప్పు కిందికి దిగుతుంది. ఆ తేడా వేళ్లతో కొడితే తెలీదు. రెండో ఆయనా మూడో ఆయనా కూడా ఆ గోడ గురించి ఏమీ అడగలేదు, కూల్చడానికి ఎంతవుతుందో మాత్రం రాశారు. పైన రెండు గదుల బరువు కింద పిల్లర్లు, పునాది మోయగలవా అని కూడా ముగ్గురిలో ఎవరూ అడగలేదు.

నాలుగో ఆయన అడిగారు. కొలత టేపు బయటికి తీయకముందే పాత స్ట్రక్చరల్ డ్రాయింగ్, అంటే పిల్లర్లు, బీములు ఎక్కడ ఎలా ఉన్నాయో చూపించే కాగితం, ఉందా అన్నారు. లేదు, మొదటి కాంట్రాక్టర్ ఇవ్వలేదు, మాకు అడగాలని తెలీదు అన్నాను. అయితే ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూసేదాకా ఆ రెండు గదులకీ, ఆ గోడకీ నేను రేటు చెప్పలేనండీ, ఆ ఫీజు మీరు నేరుగా ఇంజినీరుకే ఇవ్వండి, నా ద్వారా వద్దు అన్నారు. ఆ క్షణంలో నాకు కాస్త చిరాకేసింది, నిజం చెప్పాలంటే. ఇంకో ఖర్చు, ఇంకో పది రోజులు. ఇప్పుడు ఆలోచిస్తే, నాకు తెలీదు అని చెప్పింది నలుగురిలో ఆయనొక్కరే.

సైటులో రోజూ ఉండేది ఎవరు అని అడిగితే, మీలో ఒకరికి ఇప్పుడు ఆరు పనులు నడుస్తున్నాయని మాటల్లో తెలిసింది. తప్పేం లేదు, కానీ మా ఇంట్లో ఉండబోయే మేస్త్రి ఎవరో ఆయన్ని ఒకసారి నాకు చూపించండి, నేను మాట్లాడేది రోజూ ఆయనతోనే. పనివాళ్లు పైనుంచి పడితే, కరెంటు షాక్ కొడితే ఎవరు చూసుకుంటారు, వాళ్లకి ఇన్సూరెన్స్ ఉందా, ఇది కూడా కాగితంలో ఉండాలి. ఈ ప్రశ్న అడిగితే రెండో ఆయన అపశకునం మాట్లాడినట్టు చూశారు.

బాత్రూమ్ గురించి నా షరతు చిన్నదే. టైల్స్ వేసేముందు గోడల్లోని పైపులకి ప్రెషర్ పెట్టి చూపించాలి, పైపులు ఎటు వెళ్తున్నాయో మూసేముందు ఫోటోలు తీసివ్వాలి, వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నేల మీద కనీసం ఒక పగలూ ఒక రాత్రీ నీళ్లు నిలబెట్టి కింద తడి రాలేదని చూశాకే టైల్ ముట్టుకోవాలి. ముగ్గురు కొటేషన్లలో ఈ చెమ్మకి మందు ఇలా ఉంది: ఒకరు మెట్ల గోడకి డాంప్‌ప్రూఫ్ పెయింట్, ఒకరు గోడ ప్లాస్టర్ చెక్కి మళ్లీ ప్లాస్టరింగ్, ఒకరు మేడ మీద స్లాబు మొత్తానికి వాటర్‌ప్రూఫింగ్. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఎవరూ అడగలేదు. నీళ్లు కనిపించే చోటా కారే చోటా ఒకటే కానక్కర్లేదు కదా.

నాలుగో ఆయన వెళ్తూ వెళ్తూ మెట్ల మీద ఆగి, "ఇది వాన పడ్డప్పుడే పెరుగుతోందా, ఎండల్లో కూడా పెరుగుతోందా?" అన్నారు. మూడేళ్లుగా చూస్తున్నాను, చెప్పలేకపోయాను. పెన్సిల్‌తో చెమ్మ అంచు చుట్టూ గీత గీసి తేదీ వేయండి, రెండు వారాలు ఆగి ఫోన్ చేయండి అన్నారు.

నిన్నటికి రెండు వారాలు. ఈ రెండు వారాల్లో ఒక్క చినుకు పడలేదు. చెమ్మ గీత దాటి రెండంగుళాలు ముందుకొచ్చింది. ఆయనకి ఫోన్ చేశాను, ఆదివారం నీళ్ల మీటర్ దగ్గర నిలబడి, ఇంట్లో కొళాయిలన్నీ కట్టేసినా అది తిరుగుతోందేమో చూద్దామన్నారు. మిగతా ముగ్గురూ కూడా రండి, గీతలు చెరపకుండా అలాగే ఉంచాను, ఆ గోడ చూసి మీ కొటేషన్‌లో ఏ లైను కొట్టేస్తారో చెప్పండి, రేటు తర్వాత మాట్లాడుకుందాం.